రాడాన్ ఇంట్లో చేరకుండా: కొలవడం దగ్గర్నుంచి పైపు బిగించేదాకా

ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న గదిలోకి వెళ్లండి. నీళ్ల పైపో డ్రైనేజీ పైపో ఫ్లోరులోకి దిగే చోటు ఒకటి ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ పైపు చుట్టూ గోరు దూరేంత సందు ఉంటుంది, కట్టేటప్పుడు ఎవరూ పట్టించుకోని సందు. బయట చలిగా, లోపల వెచ్చగా ఉన్న రోజు చూసి తలుపులు, కిటికీలు మూసేయండి. ఫ్యాన్ ఆపి, వెలిగించిన అగరుబత్తిని ఆ సందు పక్కన కదలకుండా పట్టుకోండి. నిటారుగా లేవాల్సిన పొగ సందు నుంచి పక్కకి వంగిందంటే కింద నుంచి గాలి వస్తున్నట్టు. ఆ గాలి మీ ఇంటి కింద మట్టిలోది.

రాడాన్ అంటే నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు. దాని గొడవంతా ఆ పొగ వంగడంలోనే ఉంది. వెచ్చటి గాలి తేలికై పై అంతస్తుల్లోంచి బయటికి పోతుంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఇల్లు కింద నుంచి గాలి లాక్కుంటుంది. లోపలికీ నేలకీ మధ్య పీడనంలో తేడా కొద్ది పాస్కల్స్ మాత్రమే. వాతావరణ పీడనమే సుమారు లక్ష పాస్కల్స్ అని గుర్తుంచుకుంటే అదెంత స్వల్పమో అర్థమవుతుంది. అయినా రాత్రీ పగలూ నడిచే పంపుకి ఆ మాత్రం చాలు. కాబట్టి రాడాన్‌ని విషవాయువు అనుకుని బెదిరిపోయే బదులు గాలి ఎటు నుంచి ఎటు పోతోందన్న లెక్కగా చూస్తే పని సులువవుతుంది.

అసలు ఇదేమిటి

మట్టిలో, రాళ్లలో యురేనియం ఎక్కడైనా కొద్దో గొప్పో ఉంటుంది. అది చాలా మెల్లగా విచ్ఛిన్నమవుతూ కొన్ని దశల తర్వాత రేడియం అవుతుంది, రేడియం రాడాన్ అవుతుంది. ఈ వరసలో వాయువు రాడాన్ ఒక్కటే. మిగతావి రాతిలో ఉన్నచోటే పడి ఉంటే, ఇది మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోంచి జారుకుంటుంది. రంగు, వాసన, రుచి ఏవీ లేవు. అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విచ్ఛిన్నమయ్యే గడువు, 3.8 రోజులు కాబట్టి నేలలోంచి బయల్దేరి ఇంట్లోకి చేరడానికి దానికి కావలసినంత టైముంది. ఆరుబయట గాలిలో కలిసిపోయి పల్చబడుతుంది, ఘనపు మీటరుకి 5 నుంచి 15 బెకరెల్స్ దాకా ఉంటుంది. తలుపులు మూసిన ఇంట్లోనే పోగుపడుతుంది.

ఒక బెకరెల్ అంటే సెకనుకి ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. ఘనపు మీటరుకి 100 బెకరెల్స్ ఉన్న పడకగదిని తీసుకోండి. గది నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు అనుకుంటే, అందులో సెకనుకి 4,800 రాడాన్ పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. మీరు నిద్రపోతున్నా సరే.

చేటు చేసేది నిజానికి రాడాన్ కంటే దాని సంతానం. పీల్చిన రాడాన్ చాలావరకు ఊపిరితో పాటే బయటికొచ్చేస్తుంది. అది విచ్ఛిన్నమయ్యాక పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ మాత్రం ఘన పదార్థాలు. ఇవి దుమ్ముకి అంటుకుని లోపలికెళ్లి శ్వాసనాళాల గోడలకి పట్టుకుంటాయి. పొలోనియం వదిలే ఆల్ఫా కణం ఒక కాగితాన్ని కూడా దాటలేదు, చర్మం మీద పడితే ఏమీ చెయ్యదు. అదే ఊపిరితిత్తుల లోపలి పల్చటి పొర మీద అయితే అడ్డు ఏదీ ఉండదు, నేరుగా జీవకణాల డీఎన్‌ఏకి తగులుతుంది.

అందుకే అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1988లో రాడాన్‌ని మనుషులకి కేన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ఊపిరితిత్తుల కేన్సర్లలో దేశాన్ని బట్టి 3 నుంచి 14 శాతం రాడాన్ వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏళ్ల తరబడి పీల్చే గాలిలో సగటు 100 బెకరెల్స్ పెరిగినప్పుడల్లా ముప్పు దాదాపు 16 శాతం పెరుగుతుందని యూరప్ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది. సిగరెట్ కాల్చేవాళ్లకి రాడాన్ వల్ల ముప్పు కాల్చనివాళ్ల కంటే 25 రెట్లు ఎక్కువ. ఈ ఒక్క అంకె చాలు, ఇంట్లో సిగరెట్ ఎందుకు ఆపాలో చెప్పడానికి.

దీనికి తలనొప్పి, దగ్గు లాంటి సూచనలేవీ ఉండవు. రక్తపరీక్షతో తేల్చుకునే సంగతీ కాదు. మరోపక్క, ఇది ఏళ్ల మీద పేరుకునే ముప్పు కాబట్టి ఈ రాత్రికే ఇల్లు ఖాళీ చేయాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. సరిగ్గా కొలవడానికి పట్టే కొన్ని వారాలు ఆగొచ్చు.

మొదటి మెట్టు: ఊహించకండి, కొలవండి

"పక్కింట్లో కొలిస్తే ఏమీ రాలేదట, మనకెందుకు?" అనేది అందరికీ వచ్చే ఆలోచనే. కానీ పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లలో అంకెలు ఎన్నో రెట్లు తేడాగా ఉండొచ్చు. ఫ్లోరు కింద మట్టి ఎంత గుల్లగా ఉంది, పునాది ఎక్కడ పగిలింది, ఇంట్లో గాలి ఎటు లాగుతోంది అన్నవి ఏ ఇంటికా ఇల్లే వేరు. రాడాన్ మ్యాపులు ప్రాంతం గురించి చెబుతాయి, మీ ఇంటి గురించి చెప్పవు. కొత్త ఇల్లని, ఖరీదైన ఇల్లని కూడా ధీమా పనికిరాదు. గాలి చొరబడకుండా బిగుతుగా కట్టిన కొత్త ఇంట్లోనే ఒక్కోసారి ఎక్కువ నిలుస్తుంది.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు ఉండేవాడు. 1984లో అక్కడి రేడియేషన్ అలారం అతను దాటుతుంటే మోగడం మొదలైంది. ప్లాంటులో అంటుకున్నదేమో అని వెతికితే ఏమీ దొరకలేదు. చివరికి అతను పనిలోకి వచ్చేటప్పుడు, అంటే ఇంటి నుంచి నేరుగా వచ్చినప్పుడు కూడా మోగింది. వెళ్లి ఇల్లు కొలిస్తే ఘనపు మీటరుకి లక్ష బెకరెల్స్ దాకా ఉంది. అమెరికాలో ఇళ్లలో రాడాన్ అంటే ప్రభుత్వం పట్టించుకోవడం ఆ తర్వాతే ఊపందుకుంది. అలాంటి ఇల్లు అరుదే. కానీ అలారం మోగకపోయి ఉంటే ఆ కుటుంబానికి తెలిసే దారే లేదు.

అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తుల్లో ఉండేవాళ్లకి నేల నుంచి వచ్చే రాడాన్ సాధారణంగా తక్కువ. బేస్‌మెంట్‌లో, గ్రౌండ్ ఫ్లోరులో ఉండేవాళ్లు మాత్రం తప్పకుండా కొలుచుకోవాలి.

రెండో మెట్టు: ఏ పరికరం, ఎక్కడ, ఎన్నాళ్లు

పరికరాలు ముఖ్యంగా మూడు రకాలు. యాక్టివేటెడ్ కార్బన్ నింపిన చిన్న డబ్బా రెండు రోజుల నుంచి వారం దాకా ఉంచేది. గడువు కాగానే మూత బిగించి వెంటనే ల్యాబ్‌కి పంపాలి. దానిలో చిక్కిన రాడాన్ కూడా 3.8 రోజులకి సగమైపోతుంది కదా, టేబుల్ మీద మర్చిపోతే కొలత పోయినట్టే. రెండోది ఆల్ఫా ట్రాక్ డిటెక్టర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే డబ్బాలో చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఆల్ఫా కణం తగిలిన ప్రతిచోటా దాని మీద గీత పడుతుంది. ల్యాబ్‌లో రసాయనంతో ఆ గీతల్ని పెద్దవి చేసి లెక్కపెడతారు. దీన్ని మూడు నెలల నుంచి ఏడాది దాకా ఉంచొచ్చు, కరెంటు అక్కర్లేదు. మూడోది స్క్రీన్ మీద అంకె చూపించే డిజిటల్ మీటరు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఆల్ఫా ట్రాక్‌కే. రాడాన్ రోజుకో రకంగా ఉంటుంది. వాన పడితే, గాలి వీస్తే, రాత్రి చలి పెరిగితే అంకె మారుతుంది. మన ఊపిరితిత్తులకి లెక్క ఏడాది సగటే. డిజిటల్ మీటరు కొన్నవాళ్లలో మొదటి వారం ఒక జబ్బు కనిపిస్తుంది, గంటకోసారి వెళ్లి చూడటం. తెల్లవారుజామున 240, మధ్యాహ్నం 70, మళ్లీ రాత్రి 190. ఆ గంట గంట అంకెలు పట్టించుకోకండి, నెల సగటు చూడండి. ఇల్లు కొనడమో అమ్మడమో ఉండి త్వరగా తేలాలంటే మాత్రం కొద్ది రోజుల చిన్న పరీక్షే దారి.

పెట్టే చోటు ముఖ్యం. మీరు రోజూ గడిపే గదుల్లో అన్నిటికంటే కింది అంతస్తులో ఉన్నది ఎంచుకోండి. పడకగది అయితే మరీ మంచిది. ఫ్లోరు నుంచి కనీసం అర మీటరు ఎత్తులో, తలుపులకీ కిటికీలకీ ఒక మీటరు దూరంలో, బయటి గోడకి ఒక అడుగు ఇవతల పెట్టండి. వంటగది, బాత్రూమ్ వద్దు, అక్కడి తేమ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల గాలి లెక్క తప్పిస్తాయి. అల్మరా లోపల, ఏసీ గాలి తగిలే చోట, ఎండ పడే చోట కూడా వద్దు. పెట్టాక జరపకండి. ఇల్లు సర్దే వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఈ డబ్బాలు ఎక్కువగా చెత్తబుట్ట పాలయ్యేది అలాగే.

మూడు నాలుగు రోజుల చిన్న పరీక్ష అయితే 12 గంటల ముందు నుంచే కిటికీలు, బయటి తలుపులు మూసి ఉంచాలి. వచ్చిపోవడానికి తలుపు తీసి వెంటనే వేస్తే ఇబ్బంది లేదు. దీర్ఘకాలం పరీక్షకి ఈ నియమం లేదు, మామూలుగా బతకండి. అంకె సాధారణంగా చలికాలంలో ఎక్కువ వస్తుంది కాబట్టి మూడు నెలలే పెట్టగలిగితే ఆ మూడూ చలినెలలు ఉండేలా చూసుకోండి.

మూడో మెట్టు: అంకెని చదవడం

రిపోర్టులో బెకరెల్స్ ఉండొచ్చు, పీకోక్యూరీలు ఉండొచ్చు. లీటరుకి 1 పీకోక్యూరీ అంటే ఘనపు మీటరుకి 37 బెకరెల్స్.

వీలైతే 100 బెకరెల్స్ దాటనివ్వొద్దనీ, ఆ దేశ పరిస్థితుల్లో అది సాధ్యం కాకపోయినా 300 మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. అమెరికాలో 4 పీకోక్యూరీల దగ్గర, అంటే 148 బెకరెల్స్ దగ్గర మరమ్మతు చేయించమంటారు. బ్రిటన్, కెనడాల్లో 200. యూరోపియన్ యూనియన్ దేశాల్లో గరిష్ఠ పరిమితి 300. ఇన్ని గీతలు ఎందుకంటే, ఇంతకంటే తక్కువైతే సురక్షితం అని చెప్పగల గీత అసలు లేదు. ఎక్కడ ఖర్చు పెట్టడం సబబు అన్న లెక్కతో ఒక్కో దేశం ఒక్కోచోట గీసుకుంది.

నేనైతే ఇలా చూస్తాను. ఏడాది సగటు 100 లోపు ఉంటే వదిలేసి, ఇంట్లో పెద్ద మార్పు చేసినప్పుడు మళ్లీ కొలుస్తాను. 100కీ 300కీ మధ్య ఉంటే తొందర లేదు కానీ పని చేయించడమే మంచిది, ముఖ్యంగా ఆ గదిలో పిల్లలు పడుకుంటున్నా, ఇంట్లో సిగరెట్ అలవాటున్నవాళ్లు ఉన్నా. 300 దాటితే కొద్ది నెలల్లో చేయించాలి. చిన్న పరీక్షలోనే వెయ్యి దాటితే ఏడాది పరీక్ష కోసం ఎదురుచూడొద్దు. ఇంకో చిన్న పరీక్షతో నిర్ధారించుకుని పనికి దిగండి.

నాలుగో మెట్టు: ఈలోగా చేయగలిగినవి, చేసినా లాభం లేనివి

కింది అంతస్తులో పడక ఉంటే పైకి మార్చండి, ఖర్చు లేని పని. కింది గది కిటికీలు రెండువైపులా తెరవండి. కింది కిటికీలు మూసి పైవి మాత్రమే తెరిస్తే పొగగొట్టం తెరిచినట్టవుతుంది, నేలలోంచి ఇంకా గట్టిగా లాగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా అంతే. గాలి బయటికి తోస్తోంది కదా అని బేస్‌మెంట్‌లో ఎగ్జాస్ట్ బిగించి, కష్టపడి రాడాన్ పెంచుకునేవాళ్లున్నారు. ఫ్యాన్ తోసిన గాలికి బదులు ఎక్కణ్నుంచి వస్తుందో ఒక్కసారి ఆలోచిస్తే చాలు.

ఎయిర్ ప్యూరిఫైయర్ దుమ్ముని, దానికి అంటుకున్నవాటిని కొంత పడుతుంది. రాడాన్ వాయువు మాత్రం మామూలు ఫిల్టర్‌లోంచి దూరి వచ్చేస్తుంది. అది కొని పని అయిపోయిందనుకోకండి.

పగుళ్లు పూడ్చడం మంచిదే. ఫ్లోరూ గోడా కలిసే అంచు, పైపుల చుట్టూ సందులు, ఊటనీరు చేరే గుంటకి మూత, నేలలోని జాలీలు, ఇవన్నీ చూసి పాలియురేథేన్ సీలెంట్‌తో నింపండి. సిమెంటు పూస్తే కొద్దినాళ్లకే మళ్లీ విడుతుంది. కానీ పూడ్చడం ఒక్కదానితో సమస్య తీరుతుందని ఆశ పెట్టుకోకండి. పది సందులు మూస్తే గాలి పదకొండోది వెతుక్కుంటుంది, పైగా కొన్ని పగుళ్లు గోడల వెనక మీకు కనపడకుండా ఉంటాయి. ఇది తర్వాతి మెట్టుకి తోడ్పాటు మాత్రమే.

ఐదో మెట్టు: నేల పీల్చుకునేలా చేయడం

అసలు చికిత్స ఇదే. ఇల్లు నేలలోంచి గాలి లాగుతోంది కాబట్టి, ఇంటికంటే గట్టిగా లాగే ఫ్యాన్‌ని ఫ్లోరు కిందికి కలుపుతాం. అప్పుడు ఫ్లోరు కింద పీడనం ఇంట్లో కంటే తగ్గుతుంది. పగుళ్లలోంచి పైకి వచ్చే గాలి ఇప్పుడు కిందికి పోతుంది. మొదట్లో పట్టుకున్న అగరుబత్తి పొగ ఇప్పుడు సందులోకి దిగుతుంది. సరిగ్గా బిగిస్తే రాడాన్ సగానికి పైగా తగ్గడం మామూలే, 90 శాతానికి పైగా తగ్గిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఫ్లోరు కొట్టే ముందు పరీక్ష ఒకటి ఉంది. ఫ్లోరుకి ఒకచోట కాస్త పెద్ద రంధ్రం, దూరంగా మూలల్లో పెన్సిల్ పట్టేంత చిన్న రంధ్రాలు వేస్తారు. పెద్ద రంధ్రానికి వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగుతూ చిన్న రంధ్రాల దగ్గర పొగ పడతారు. పొగ గబుక్కున లోపలికి పోతే ఫ్లోరు కింద కంకర బాగుంది, ఒక్క పైపు ఇల్లంతటికీ సరిపోతుంది. పొగ కదలకపోతే కింద బిగుసుకున్న బంకమట్టి ఉన్నట్టు, రెండు మూడు చోట్ల పైపులు దించాలి. ఈ పరీక్ష చేయకుండానే "ఇక్కడ పెట్టేద్దాం" అనే పనివాణ్ని నేను నమ్మను.

చోటు తేలాక నాలుగు అంగుళాల పీవీసీ పైపు పట్టేలా కోర్ కటింగ్ చేసి, రంధ్రం కింద ఒక బకెట్ మట్టి, కంకర తోడి గుంట చేస్తారు. గాలి అన్ని వైపుల నుంచీ చేరడానికి ఆ గుంట. పైపు దించి చుట్టూ సీల్ చేస్తారు. అక్కణ్నుంచి పైపు పై కప్పు దాటి పోవాలి. అడ్డంగా వెళ్లే చోట గుంటవైపు వాలు ఉండాలి. నేలలోంచి వచ్చే గాలి తేమగా ఉంటుంది, నీరు పట్టి పైపులో నిలిస్తే గాలికి దారి మూసుకుపోతుంది.

ఫ్యాన్ ఎక్కడ పెట్టారన్నది తప్పక చూడండి. ఫ్యాన్‌కి కింద ఉన్న పైపు గాలిని లాగుతుంది, పైన ఉన్నది తోస్తుంది. పై భాగంలో చిన్న లీకు ఉన్నా చిక్కటి రాడాన్ బయటికొస్తుంది. అందుకే ఫ్యాన్ మనుషులు ఉండే చోట పెట్టకూడదు. అటక మీద గానీ ఇంటి బయట గానీ, నిలువు పైపులో బిగించాలి. పైపు చివర కప్పుకి పైన, ఏ కిటికీకీ గాలి తిరిగి రాని చోట తెరుచుకోవాలి. కిటికీ పక్కనే గోడలోంచి బయటికి వదిలారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఈ ఫ్యాన్లు 20 నుంచి 90 వాట్ల దాకా తీసుకుంటాయి, రోజంతా ఆగకుండా తిరగాలి. స్విచ్చు చేతికందే చోట ఉంటే ఎవరో ఒకరు కట్టేస్తారు.

సొంతంగా చేసుకోవచ్చా? చెయ్యి తిరిగినవాళ్లు చేసుకుంటారు. కానీ ఫ్లోరు కింద కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఉండొచ్చు. మరీ ముఖ్యంగా పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే కాంక్రీటు లోపల లాగి బిగించి ఉన్న ఉక్కు కేబుల్ తెగితే ప్రాణాంతకం. స్లాబ్ సంగతి తేలకుండా డ్రిల్ ముట్టుకోవద్దు.

ఫ్లోరు నేలకి ఆనకుండా మధ్యలో మనిషి పాకేంత ఖాళీ ఉన్న ఇల్లయితే, ఆ మట్టి మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచి, అంచులు గోడలకి అతికించి, షీటు కింద నుంచి పైపుతో లాగుతారు. సూత్రం అదే. చలిప్రాంతాల్లో, అంకె మరీ ఎక్కువ కాని ఇళ్లలో, వేడి పోకుండా గాలి మార్చే వెంటిలేషన్ యంత్రాలు కూడా పనికొస్తాయి.

ఆరో మెట్టు: పనిచేస్తోందని తేల్చుకోవడం

పైపు మీద యు ఆకారంలో ఒక చిన్న గొట్టం, దాంట్లో రంగు ద్రవం ఉంటుంది. ఫ్యాన్ లాగుతుంటే ఒకవైపు మట్టం పైకి, రెండోవైపు కిందికి ఉంటాయి. రెండూ సమానమైతే ఫ్యాన్ ఆగినట్టే. దాటి వెళ్లేటప్పుడు ఒక చూపు చాలు. అయితే ఆ గొట్టం లాగుడునే చూపిస్తుంది, రాడాన్‌ని కాదు. ఫ్యాన్ వేసిన 24 గంటలు గడిచాక, నెల లోపు మళ్లీ కొలవండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి కొలవండి. పని చేసినవాళ్లే కొలిచి చూపిస్తే దానితో సరిపెట్టుకోకుండా మీరూ ఒక డబ్బా పెట్టుకోండి.

ఇంకొకటి అస్సలు మర్చిపోకూడనిది. గ్యాస్ గీజరు, బాయిలరు, కట్టెల పొయ్యి లాంటివి ఇంట్లో ఉంటే, ఫ్యాన్ లాగుడుకి వాటి పొగ గొట్టం ఎక్కకుండా వెనక్కి తన్నే వీలుంది. రాడాన్ ఏళ్ల మీద చేసే చెడుపు కార్బన్ మోనాక్సైడ్ ఒక్క రాత్రిలో చేస్తుంది. ఫ్యాన్ బిగించిన రోజే పొగ పరీక్ష చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి.

నేల కాకపోతే: నీళ్లు, గోడలు, కొత్త ఇల్లు

చెరువు, నది నీళ్లలో రాడాన్ లెక్కలోకి రాదు. లోతైన బోరు నీళ్లలో ఉండొచ్చు, స్నానం చేసినప్పుడు, బట్టలుతికినప్పుడు గాలిలోకి వస్తుంది. లీటరు నీటిలో 1000 బెకరెల్స్ ఉంటే ఇంటి గాలిలో సుమారు 100 చేరతాయి. గాలి అంకె ఎక్కువగా ఉండి, మీది బోరు నీళ్లయితేనే నీళ్లు పరీక్ష చేయించండి. నీటిలోకి గాలి ఊది రాడాన్‌ని ఇంటి బయటికి వదిలే పద్ధతి దీనికి మేలు. కార్బన్ ఫిల్టర్ కూడా పనిచేస్తుంది కానీ పట్టుకున్న రేడియోధార్మికత ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది.

గోడల వల్ల ఎక్కువ వచ్చే ఇళ్లు తక్కువ. స్వీడన్‌లో 1929 నుంచి 1975 దాకా ఆలమ్ షేల్ అనే, యురేనియం ఎక్కువగా ఉండే రాయితో చేసిన తేలిక కాంక్రీటు వాడిన ఇళ్లు దీనికి ఉదాహరణ. అలాంటి చోట ఫ్లోరు కింద ఎంత లాగినా లాభం లేదు, గాలి మార్చడమే దారి. గ్రానైట్ వంటగట్టు గురించి మాత్రం నిద్ర పాడుచేసుకోకండి, మామూలుగా దాని వాటా చాలా తక్కువ.

కొత్తగా కడుతుంటే ఇదంతా చవక. ఫ్లోరు కింద నాలుగు అంగుళాల కడిగిన కంకర, దాని మీద అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పాలిథిన్ షీటు, కంకరలోంచి కప్పు పైకి ఒక పైపు, అటక మీద ఒక కరెంటు పాయింట్. ఇల్లు పూర్తయ్యాక కొలిచి, అవసరమైతే ఆ పైపుకి ఫ్యాన్ తగిలించుకుంటే సరి.

చివరిగా ఒక చిన్న పని. పైపు మీద చెరగని సిరాతో "రాడాన్ పైపు, డ్రైనేజీ కాదు" అని ప్రతి అంతస్తులోనూ రాయండి. బిగించిన తేదీ, ముందు అంకె, తర్వాతి అంకె, ద్రవం మట్టం ఎక్కడ ఉండాలో ఒక గీత. కొన్నేళ్లకి బాత్రూమ్ మార్చడానికి వచ్చిన ప్లంబరు, ఖాళీగా కనిపించిన ఆ తెల్ల పైపులోకి వాష్ బేసిన్ నీళ్లు కలిపేయకుండా ఆపేది ఆ రాతే.